బొమ్మల యతుకు – జిగురు చరిత్రము



రాజుల చరిత్రములను, కోటల చరిత్రములను వినిన మీకు జిగురునకు గూడ చరిత్రమున్నదనిన నవ్వు రావచ్చును. ఈ ప్రసంగమునకు నన్ను పురికొల్పినది మా యింట జరిగిన యొక చిన్న సంగతి.

మా గూటిలో నొక కొండపల్లి అంబారీ యేనుగు గలదు. సంక్రాంతి బొమ్మల కొలువునాడు దాని తొండము విరిగెను. మా మనుమడు ప్లాస్టిక్కు విమానముల ముక్కలు తెచ్చి కూర్చువాడు. వాడు తన సీసాలోని జిగురు పూసి తొండము నతికించెను. మరునాటికది చేతికి వచ్చెను. అంతట నేను చింతగింజల బంక కాచి, ఊడియున్న వాని విమానపు రెక్కకు పూసితిని. అదియు నెండి పెచ్చువలె రాలిపోయెను. తాతయు మనుమడును ఇరువురమును ఓడితిమి. ఆ యోటమికి కారణమును వెదకుటలో ఈ చరిత్రము దొరకినది.

మన పూర్వులు జిగురును చిన్నచూపు చూచినవారు కారు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు వజ్రలేపమునకు ప్రత్యేకముగా నొక యధ్యాయము వ్రాసెను. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు మొదలగువానిని ద్రోణెడు నీటిలో ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచి, గుగ్గిలము, మారేడు మున్నగువానిని నూరి కలిపి, వేడిగా నుండగనే దేవాలయములకును విగ్రహములకును గోడలకును పూయవలెనని విధించెను. వేరొక లేపమునకు పశువుల కొమ్ములను, తోళ్లను గూడ చెప్పెను. చెట్టు జిగురును, తోలు జిగురును రెండును ఆనాటికే తెలిసియున్నవన్నమాట.

ఇక కొండపల్లి. విజయవాడకు చేరువనున్న యీ యూరి బొమ్మలు తెల్ల పొణికి కొయ్యతో చేయబడును. ఆ కొయ్య మిక్కిలి తేలికైనది, మెత్తనిది. ఈ పనివారు ఆర్యక్షత్రియులు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొందురు. వారు కొయ్యను సన్నని సెగను కాచి తేమ పోగొట్టి, అవయవములను వేర్వేరుగా చెక్కి, మక్కుతో నతుకుదురు. చింతగింజల పిండిని ఉడికించిన బంకలో రంపపు పొట్టును కలిపిన ముద్దయే మక్కు. అది యతుకును పట్టును, సందును పూడ్చును. ఆరిన పిదప ఆకురాయితో రాచి, సున్నపు పూత పూసి, రంగులు వేయుదురు.

ఇందలి యుపాయమును గమనింపుడు. ఉత్త బంక ఎండినప్పుడు కుంచించుకొని బీటలు వారును. కొయ్యపొట్టు చేరినచో ఆ కుంచించుట తగ్గును. బంక కొయ్య రంధ్రములలోనికి దిగి పట్టుకొనును. ఎండిన మక్కును కొయ్యవలెనే రాచవచ్చును. చెక్కునప్పుడు రాలిన పొట్టే తిరిగి బొమ్మలో భాగమగును.

ఇక మనుమని విమానము సంగతి. ఈ విద్య పుట్టినది ఇంగ్లండున. 1936వ సంవత్సరమున ఫ్రాగ్ పెంగ్విన్ అను పేర, నిజ విమానమున డెబ్బదిరెండవ వంతు పరిమాణముగల విమానముల ముక్కలు అమ్మకమునకు వచ్చినవి. అవి సెల్యులోజ్ ఎసిటేటుతో చేసినవగుటచే కాలక్రమమున వంకరలు పోయెడివి. యుద్ధకాలమున 1942లో అమెరికా నౌకాదళము వైమానిక శిక్షణకై అయిదు లక్షల నమూనా విమానములను కొయ్యతో చేసి యిమ్మని పాఠశాలల బాలురను కోరెను. యుద్ధానంతరము పాలిస్టైరీను అను గట్టి ప్లాస్టిక్కు ప్రాబల్యము వహించెను. ఎయిర్‌ఫిక్సు సంస్థ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరును, 1952లో గోల్డెన్ హైండు ఓడను వెలువరించెను. కాడకు పిందెలంటియున్నట్లు ముక్కలన్నియు నొక చట్రమునకంటి వచ్చును. వానిని త్రుంచి కూర్చుకొనవలెను.

ఆ ముక్కల నతుకునది నిజమునకు బంక కాదు. టోల్యూను, బ్యుటనోను వంటి ద్రవము పాలిస్టైరీను పైపొరను కరగించును. కరగిన రెండంచులు ఒకదానిలో నొకటి కలియును; పిదప ద్రవము ఆవిరియై పోవును. అతుకున మిగులునది ప్లాస్టిక్కే. కనుకనే రంగు పూసిన యంచున అది పట్టదు, రంగును గీకివేయవలెను. కొయ్యను కరగింపజాలదు గనుక మా యేనుగు తొండము నిలువలేదు. రంధ్రములులేని ప్లాస్టిక్కులోనికి నా చింతబంక దిగలేదు.

నన్నబ్బురపరచిన సంగతి వేరొకటి గలదు. ముక్కల నడుమ సందు మిగిలినచో, త్రుంచగా మిగిలిన చట్రపు తునకలను ఆ ద్రవముననే నానవేసి, చిక్కని ముద్దచేసి పూడ్చుదురట. ఆరిన పిదప రాచి, రంగు వేయుదురు. ఇది మక్కు గాక మరేమి? కొండపల్లినెరుగని దేశమున, వేరొక పదార్థమున, అదే బుద్ధి పుట్టినది.

1942లో అమెరికాలో హ్యారీ కూవరు, తుపాకి గురిచూచు సాధనములకై పారదర్శకమైన పదార్థమును వెదకుచు సయనోఎక్రిలేటును కనుగొనెను. అది 1958లో అంగళ్లకు వచ్చెను. గాలిలోని తేమచేతనే గట్టిపడి, కొయ్యను ప్లాస్టిక్కును గూడ పట్టును. కాని యది పెళుసు. దెబ్బకు విరుగును, పెద్ద సందును పూడ్చదు.

ఇండ్లలో బాలురున్నవారికొక హెచ్చరిక. టోల్యూను ఆవిరి తలనొప్పిని, మత్తును, హానిని కలిగించును. కిటికీలు తెరచియుంచి పని చేయింపుడు. నారింజ తొక్కలనుండి లభించు లిమొనీనుతో చేసిన జిగురులును గలవు.

తుదకు మేము తొండమును శుభ్రముగా గీకి, మక్కు కలిపితిమి. పొట్టు రాల్చినవాడు మనుమడు, బంక కాచినవాడను నేను. అతుకు నిలిచినది. రెక్కను వాడు తన పద్ధతిని తానే బాగుచేసికొనెను. పొణికి చెట్లు నేడు అరుదగుచున్నవి. చింతగింజల బంక కాయ నేర్చినవారు నంతకంటె నరుదగుచున్నారు. చెట్టు నాటినచో పెరుగును. చేతిపని మాత్రము వేరొక చేతికి అందినగాని నిలువదు. మీలో నా పని తెలిసిన పెద్దలున్నచో, రానున్న కొలువునకు ముందే పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని ఒక్కమారు కాచి చూపుడు.