తల్లి యొడి, కూలి మడి
(దక్షిణ తెలంగాణమున శిశుపోషణ చరిత్ర)

చరిత్ర గ్రంథములలో రాజులు పుట్టుదురు, పట్టాభిషిక్తులగుదురు, యుద్ధములు చేయుదురు. పుట్టుటకును పట్టాభిషేకమునకును నడుమ వారికి పాలిచ్చిన దెవరు, నీళ్లు పోసిన దెవరు, జ్వరము వచ్చిన రాత్రి మేల్కొని కూర్చున్న దెవరు అను ప్రశ్నకు ఆ గ్రంథములలో జవాబు దొరకదు. రాచకొండ, దేవరకొండ దుర్గముల నేలిన రేచర్ల ప్రభువుల చరిత్రము మనకు కొంత తెలియును. గద్వాల, వనపర్తి సంస్థానముల వంశావళులును తెలియును. ఆ కోటల చుట్టునున్న చెల్క భూములలో బిడ్డలను పెంచిన తల్లుల చరిత్రము మాత్రము ఎవరును వ్రాసిపెట్టలేదు. అయినను అది పూర్తిగా నశింపలేదు. కావ్యమందొక చోట, ఉద్యమ చరిత్రమందొక చోట, వైద్యుల పరిశోధనలలో నొక చోట, శాసనములలో నొక చోట దాని తునకలు కానవచ్చుచున్నవి. వానిని ఒకచోట చేర్చి చూచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదటి తునక పాలకుర్తిలో దొరకును. 13వ శతాబ్దమునకు చెందిన పాల్కురికి సోమనాథుడు ఆ గ్రామమువాడని ప్రసిద్ధి. నిజాము కాలమున ఆ గ్రామము నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో నుండెను. సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునికి తల్లి లేదని ఆమెకు జాలి కలిగినది. తన మంచి చెడ్డలు చూచు తల్లి లేకపోబట్టియే గదా అతడు పాములతోడను బూడిదతోడను దిక్కులేక తిరుగుచున్నాడని ఆమె తలచి, ఆ దేవునే పసిబిడ్డగా భావించి పెంచసాగినది. నూనె యంటినది, నీళ్లు పోసినది, కాటుక దిద్దినది, ఉగ్గు పెట్టినది. శివుడామెను పరీక్షింపదలచి గొంతులో అంగిటిముల్లు లేచినట్లు నటించి పాలు మానివేసెను. తల్లి గుండె చెదరినది. బిడ్డ దక్కనిచో తన ప్రాణమక్కర లేదని ఆమె తెగించినపుడు దేవుడు ప్రత్యక్షమయ్యెను. ఆమెకు అమ్మవ్వ యను పేరు నిలిచెను.

భక్తులు దీనిని భక్తికథగా చదువుదురు. చరిత్రార్థికి ఇది వేరొక విధమున విలువైనది. ఏడు వందల యేండ్లకు పూర్వము తెలుగింట పసిబిడ్డకు నీళ్లు పోయుట యొక విద్యగా నుండెనని ఇది చెప్పుచున్నది. ఈనాటికిని పల్లెలలో అమ్మమ్మలు కాళ్లు చాచి పీటపై కూర్చుండి, బిడ్డను కాళ్లపై పరుండబెట్టి, ఆముదమో నువ్వులనూనెయో పట్టించి, చేతులు కాళ్లు సాగదీసి నీళ్లు పోయుచున్నారు. అనంతరము బిడ్డ కమ్మగా నిద్రించును. ఆ నిద్రను చూచినపుడు కలుగు తృప్తి ఏ సంపదకును తీసిపోదు. బిడ్డ నవ్వినచో నువ్వుండలు, బోర్లపడినచో బొబ్బట్లు, అడుగులు వేసినచో అరిసెలు చేసి పంచు వాడుక తెలుగు ఇండ్లలో నున్నది. బిడ్డ యెదుగుదలలో ప్రతి మెట్టును వీధి వీధికి తెలియజేసి పండుగ చేసికొనిన జాతి మనది. పాలు మానిన బిడ్డను చూచి తల్లి పడిన భయము కూడ ఆ కథలో నున్నంత సత్యముగ నేడును ఉన్నది. సంతోషమును భయమును ఒకే యొడిలో పెట్టుకొని కూర్చుండుటయే మాతృత్వమని ఆ కవి గుర్తించెను.

అయితే బెజ్జమహాదేవి కథలో నొక విశేషము కలదు. ఆమెకు బిడ్డను పెంచుట తప్ప వేరు పని లేదు. ఆమె చేతులకు తీరిక యున్నది. పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో అధికసంఖ్యాకులైన తల్లులకు ఆ తీరిక యెన్నడును లేకుండెను. జొన్న, సజ్జ, కంది, ఆముదము పండు ఎఱ్ఱ చెల్కలలో విత్తుట, కలుపు తీయుట, కోయుట యను పనులలో పెద్దభాగము స్త్రీల చేతులమీదుగనే జరుగును. వాన కురిసిన రెండుమూడు దినములలో విత్తనము పడవలెను. బిడ్డ పుట్టి నెలయైనదా, రెండు నెలలైనదా యని వాన అడుగదు. కావున కైకిలికి పోవు తల్లి పాతచీరతో చెట్టుకొమ్మకు తొట్టెల కట్టి, బిడ్డను అందులో వేసి, సాలు చివరి కెప్పుడు చేరుదునా, ఒకసారి చూచి వత్తునా యని చూపు నటే నిలిపి పని చేయుచుండెడిది. ఇంటివద్ద విడిచిపోయినచో అవ్వ చూచుకొనును. అవ్వ లేనిచో ఏడెనిమిదేండ్ల ఆడుబిడ్డ చూచుకొనును. తమ్ముని చంకనెత్తుకొని తిరిగిన ఆ బాలికకు బడి యెట్లు దక్కును? ఒక బిడ్డ పెంపకమునకు వేరొక బిడ్డ బాల్యము వెలగా చెల్లింపబడినది. మన ప్రాంతమున స్త్రీవిద్య వెనుకబడుటకు గల కారణములలో దీనిని కూడ లెక్కింపవలెను.

ఈ దుఃస్థితి మనకే చెందినదని తలపరాదు. 19వ శతాబ్దమున ఇంగ్లాండు మిల్లు పట్టణములలో, పనికి పోయిన తల్లుల పసిబిడ్డలకు గాడ్‌ఫ్రే కార్డియలు అను నల్లమందు కలిపిన పానకమును పట్టి నిద్రపుచ్చెడివారు. 20వ శతాబ్దపు మొదటి దశకములలో బొంబాయి నూలు మిల్లులలో కూలిచేయు తల్లులును నల్లమందు మాత్రలను బిడ్డలకు పెట్టిరి. తల్లి చేతులను పనికి తీసికొని, బిడ్డ కొరకు వేరు చేతులను ఏర్పాటు చేయని సమాజము ఎక్కడనున్నను ఫలమొక్కటే.

మరల పాలకుర్తికి వత్తము. సోమనాథుడు తల్లిప్రేమను కీర్తించిన ఆ గ్రామమే 1940 ప్రాంతమున విసునూరు దేశముఖు ఏలుబడిలో నుండెను. ఆ కాలపు వెట్టిని గూర్చి ప్రజలు చెప్పిన సంగతులలో ఒకటి వినుటకే కష్టముగ నుండును. దొర పొలమున పనిచేయుచున్న బాలింతలు బిడ్డకు పాలిచ్చి వత్తుమని వేడుకొనగా, నిజముగా బాలింతలగుదురో కాదో యని చనుబాలు పిండి చూపుమని దొర మనుష్యులు నిర్బంధించిరట. వెట్టియనగా కూలి లేని చాకిరి యని మనము సులభముగ చెప్పుదుము. అది తల్లి శరీరముమీదికిని, బిడ్డ యాకలిమీదికిని సాగిన అధికారమని ఈ యొక్క సంగతి తెలుపును. అదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దొరకు ఇయ్యనని నిలిచినది. 1946 జూలై 4వ తేదిన కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్చబడెను. ఆ పిమ్మట రేగిన సాయుధ పోరాటము 1951 వరకు సాగినది. భూమియే ఆ పోరాటమునకు మూలమని చరిత్రకారులందురు. అది నిజమే. కాని బిడ్డకు పాలిచ్చు ఘడియపై తనకు హక్కు కావలెనని తల్లి కోరిన కోరిక కూడ అందులో నుండెననుట సత్యదూరము కాదు.

ఆ పోరాటమున పాల్గొనిన స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన వారు సేకరించి 1986లో మనకు తెలియని మన చరిత్ర యను గ్రంథముగా ప్రకటించిరి. దళములతో అడవులలో తిరిగిన కాలమున పసిబిడ్డలను పరుల చేతులలో పెట్టి పోవలసి వచ్చిన తల్లుల గోడు అందులో నున్నది. బిడ్డ యేడ్పు దళము జాడను పోలీసులకు తెలుపును గావున బిడ్డను దగ్గర నుంచుకొను వీలు లేకపోయెను. వీరుల త్యాగములను పొగడునపుడు ఈ త్యాగమును ప్రత్యేకముగ చెప్పువారు తక్కువ.

ఇదే కాలమునకు కొంత ముందు విద్యావంతుల కుటుంబములలో వేరొక యత్నము జరిగినది. ఆంధ్ర మహాసభలతో పాటు ఆంధ్ర మహిళాసభలును జరుపబడెను. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలోను, 1936లో మహబూబునగరు జిల్లా షాదునగరులోను అవి సమావేశమయ్యెను. బాల్యవివాహము, ఘోషా, స్త్రీవిద్య యనునవి ఆ సభల ముఖ్య విషయములు. బ్రిటిషిండియాలో శారదా చట్టము 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినను, అది నిజాము రాజ్యమునకు వర్తింపదు. తానే పసిదైన తల్లి మఱియొక పసిబిడ్డ నెట్లు పెంచగలదు? ఈ ప్రశ్నను స్త్రీలు సభలో నిలిచి యడుగుట మన ప్రాంతమున నొక మలుపు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఘోషాలోని గృహిణికి తీరిక యున్నది, తెలిసికొనుటకు దారి లేదు. చెల్కలోని కూలితల్లికి అనుభవమున్నది, తీరిక లేదు. ఆ సంస్కరణము మొదటి లోటునే యెక్కువగా తీర్చినది. రెండవది చాలకాలము మిగిలిపోయినది.

తల్లి యెంత జాగ్రత్త చేసినను ఆమె చేతిలో లేని కష్టమొకటి నల్లగొండలో నుండెను. అది నీరు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతముల భూగర్భజలమున ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. ఎముకలును పండ్లును ఏర్పడు వయసులో ఆ నీరు త్రాగిన పిల్లలకు పండ్లు గారపట్టును, ఎముకలు వంకరపోవును. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, మోకాళ్లు లోనికి వంగి కాళ్లు వంకరయగు వ్యాధిని ఫ్లోరైడు సీమలలోని పిల్లలలో గుర్తించి 1973లో ప్రకటించిరి. పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పద్ధతి యను పేరే వచ్చినది. పేరు లోకమంతట వ్యాపించినది, వ్యాధి ఊరిలోనే మిగిలినది. దప్పియన్న బిడ్డకు తల్లి ప్రేమతో అందించిన నీరే బిడ్డ నడుము వంచుట కంటె క్రూరమైన విధి యేమున్నది? జిల్లా దక్షిణపుటెల్లను తాకుచు కృష్ణ పారుచున్నది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఎత్తుననున్న ఈ గ్రామముల కుండలలోనికి ఆ నది చేరుటకు మాత్రము దశాబ్దములు పట్టినది. ప్రజల యాందోళన ఫలితముగను, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వలనను నల్లాలలో నదీజలము వచ్చినది. ఇప్పుడు పుట్టు బిడ్డలకు ఆ భయము తగ్గినది. అంతకు ముందు వంగిన ఎముకలు తిరిగి నిక్కవు.

పాలమూరు తల్లుల కథ వేరు. కరవునకు ఓర్వలేక మేస్త్రీల వద్ద బయానా తీసికొని, దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను పాలమూరు కూలీలు పోయిరి. వెంట తీసికొనిపోయిన బిడ్డలు కంకరరాళ్ల నడుమ గుడిసెలలో పెరిగిరి. ఊరిలో విడిచిపోయిన బిడ్డలు, తల్లి ముఖము పండుగకు మాత్రమే చూచుచు, అవ్వల యొడిలో పెరిగిరి. ఇతరుల పొలములకు నీరు తెచ్చిన తల్లి తన బిడ్డ గొంతు తడుపుటకు దగ్గర లేకపోయెను.

ఇంకను బాధాకరమైనది 1999లోను 2001లోను బయటపడిన సంగతి. దేవరకొండ ప్రాంతపు లంబాడి తండాలలో ఆడుశిశువులను దత్తత పేరిట దళారులు కొనుచున్నారని తెలిసి దేశము నివ్వెరపోయెను. అప్పుడు తల్లులను నిందించినవారు పెక్కుమంది. పూర్వము లంబాడీలలో వరుని వైపువారే వధువు తండ్రికి ఓలి యిచ్చెడివారు. ఆడుబిడ్డ ఆ యింట బరువు కాదు. చుట్టునున్న సమాజమునుండి వరకట్నమను జాడ్యము తండాలకు ప్రాకిన పిదపనే ఆడుబిడ్డ అప్పుగా మారినది. ఆ జాడ్యమును పోషించినది కట్నములిచ్చి పుచ్చుకొనిన మన చదువుకొన్న కుటుంబములే. కావున ఆ నిందలో మన వంతును మనము గుర్తెరుగవలెను.

ఈ చరిత్రలో వెలుగు లేకపోలేదు. 1975 అక్టోబరు 2న దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమై, క్రమముగ ఊరూర అంగనవాడి వెలసెను. ఒకప్పుడు పోచమ్మ కోపమని పల్లెలు వణకిన మశూచి 1975 తరువాత దేశమున కానరాలేదు. పోలియో లేని దేశముగ 2014లో గుర్తింపు వచ్చినది. 2015 జనవరి 1 నుండి తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద గర్భిణులకును బాలింతలకును అంగనవాడిలోనే పూటభోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇయ్యసాగిరి. ఉద్యోగినులకు ప్రసూతి సెలవు 2017లో 26 వారములకు పెరిగినది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున మఱియొక నియమము చేర్చబడెను. పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురైన, అంతకు మించినను, వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి యియ్యవలెనని దాని భావము. చెట్టుకొమ్మ తొట్టెల వద్ద కాపున్న అవ్వకు, తమ్మునెత్తుకొని బడి మానిన అక్కకు ఎన్నడును దక్కని గౌరవము అది. బిడ్డను చూచుట పనియే యనియు, దానికి వెల కలదనియు ఒక శాసనము ఒప్పుకొన్నది. ఆచరణలో అది ఎన్నో చోట్ల కాగితమునకే పరిమితమైనను, ఒప్పుకొనిన మాట చిన్నది కాదు.

సోదరీమణులారా, తల్లిప్రేమను పొగడుట మనకు అలవాటు. ఈ మెట్టసీమ చరిత్రను చూచినపుడు ప్రేమకు ఏ కాలమునను కొరత కానరాదు. కొరత తీరికకు, మంచినీటికి, తోడుకు. మన యిండ్లలో అంట్లు తోముటకు వచ్చు స్త్రీకిని, మన కట్టడములకు ఇటుకలు మోయు స్త్రీకిని పసిబిడ్డలుందురు. ఆమె మన పని చేయు వేళ ఆ బిడ్డ యెవరి చేతిలో నున్నదో ఒకసారి అడుగుదము. మన వీధి అంగనవాడి తలుపు తెరచియున్నదో లేదో పోయి చూతము. బాలింతయైన పనిమనిషికి కూలి కోయక ఇంటికి పోయి పాలిచ్చి వచ్చుటకు ఘడియ యిత్తము. దీనికి సభలు, తీర్మానములు అక్కర లేదు. రేపటి ఉదయముననే మొదలిడవచ్చును.