పదో నంబరు జాలీ

శనివారం పదకొండు గంటలకు రాణిగంజ్ ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటుండదు. ఒక పక్క మోటారు పంపులు, ఇంకో పక్క పైపుల చుట్టలు, మధ్యలో బేరింగుల పెట్టెలు మోసుకొచ్చే తోపుడు బండి. మీ చేతి సంచి భుజాన్ని కిందికి గుంజుతోంది. అందులో అత్తమ్మ వాడిన కైమా మిషన్ ఉంది. బల్ల అంచుకు బిగించి చేత్తో తిప్పే రకం, పోత ఇనుము, పైన తగరం పూత. బాడీకి ఏమీ కాలేదు. లోపలి స్క్రూ కూడా గట్టిగానే ఉంది. జాలీ మాత్రం తుప్పు పట్టింది, సగం బెజ్జాలు పూడిపోయాయి. బ్లేడు అంచులు అరిగి నున్నబడ్డాయి.

కొట్టు ఇరుకు. గల్లా వెనక గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. మీరు పేపరు పరిచి భాగాలన్నీ వరసగా పెడతారు: బాడీ, స్క్రూ, బ్లేడు, జాలీ, బయటి రింగు, హ్యాండిల్. సేటు జాలీ వైపు చూడడు. బాడీనే ఎత్తి, గొంతు పక్కన బొటనవేలితో మురికి తుడిచి, వెలుతురులోకి తిప్పుతాడు. పోతలోనే ఉబ్బెత్తుగా ఒక అంకె: 10.

"నంబర్ దొరికింది. సగం పని అయినట్టే అమ్మా" అంటాడు.

అది అంగుళాల లెక్క కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ 19వ శతాబ్దం చివర్లో తన కైమా మిషన్లకు 5, 10, 12, 22, 32 అంటూ పెట్టుకున్న సైజు నంబర్లవి. తర్వాత ఇతర దేశాల తయారీదారులూ అవే పట్టుకున్నారు. చెక్ దేశపు పోర్కెర్ట్ పోత ఇనుప మిషన్ల మీదా ఇవే అంకెలు కనిపిస్తాయి. ఒక్కో నంబరుకు జాలీ వ్యాసం ఇంత అని వాడుకలో స్థిరపడింది. 5 అంటే దాదాపు 54 మిల్లీమీటర్లు, 8 అంటే 62, 12 అంటే 70, 22 అంటే 82, 32 అంటే 100కు అటూ ఇటూ. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి 5 నుంచి 12 దాకా. 22, 32 మటన్ కొట్లకూ హోటళ్లకూ పనికొస్తాయి.

సేటు సొరుగు లాగి నాలుగు జాలీలు పేపరు మీద పడేస్తాడు. వాటి మీద 12 అని ఉంది. మీరు వెనక్కి నెడతారు.

"మాది పదో నంబరు కదా?"

"పదికీ పన్నెండుకీ జాలీ ఒకటే అమ్మా. బాడీ పెద్దదయితది, మూతి గంతే."

మీకు నమ్మకం కుదరదు. ఆయన వాదించడు. సొరుగులోంచి వెర్నియర్ తీసి పాత జాలీ మీద పెడతాడు. 70కి కొంచెం తక్కువ. తుప్పుకు పోయింది పోగా మిగిలింది అది. తర్వాత బాడీ మూతి లోపల కొలుస్తాడు. 70 దాటి ఒక వెంట్రుక. కొత్త జాలీ సరిగ్గా 70. చేత్తో నెడితే మూతిలోకి జారి కూర్చుంటుంది. ఇక కొనేయడమే అనుకుని మీరు పర్సు తీస్తారు.

"ఆగండి. గోల్ ఒక్కటి సూస్తే సాలదు" అంటూ ఆయన స్క్రూ చేతికి తీసుకుంటాడు.

స్క్రూ కొసన ముందు చదరంగా ఒక మెడ, దాని చివర గుండ్రటి పిడి. చదరపు మెడకు బ్లేడు తొడుక్కుంటుంది, అందుకే స్క్రూతో పాటు తిరుగుతుంది. గుండ్రటి పిడి జాలీ నడిమి బెజ్జంలో దూరి, అక్కడే ఆనుకుని తిరుగుతుంది. ఇరుసుకు ఆ చివర ఆధారం ఆ బెజ్జమే. సేటు మొదటి జాలీని పిడికి తొడిగి రెండు వేళ్లతో ఊపుతాడు. గలగలమంటుంది. పిడి 10 మిల్లీమీటర్లు, బెజ్జం 12. బయట చుట్టు కుదిరినా మధ్యలో రెండు మిల్లీమీటర్ల వదులు. దీన్ని బిగించి తిప్పితే స్క్రూ ఒక పక్కకు వాలుతుంది. బ్లేడు ఒక వైపు జాలీని గీకుతుంది, రెండో వైపు ఎడం వదులుతుంది. ఆ ఎడంలో మాంసం తెగదు. నరాలు బ్లేడుకు చుట్టుకుని, బెజ్జాల్లోంచి కైమాకు బదులు గుజ్జు కారుతుంది.

"సెప్పుల నంబరు లెక్కనే అమ్మా ఇది. ఒకటే నంబరు, కంపెనీ మారితే కాలికి పట్టొచ్చు, పట్టకపోవచ్చు."

రెండో జాలీ పిడికి దూరదు. మూడోది దూరి, ఊగకుండా నిలబడుతుంది, వేలితో తోస్తే తేలిగ్గా తిరుగుతుంది. మీ మొహం చూసి సేటు అడ్డంగా తల ఊపుతాడు. ఇంకా రెండు పరీక్షలున్నాయి.

ఒకటి గాడి. బాడీ మూతి లోపల చిన్న మేకులాంటి బొడిపె ఉంది. జాలీ అంచున ఉన్న గాడి దాని మీద కూర్చోవాలి. అప్పుడే బ్లేడు తిరుగుతున్నా జాలీ కదలకుండా ఉంటుంది. గాడి ఇరుకైతే జాలీ వంకరగా ఆగుతుంది, మరీ వెడల్పయితే తిప్పినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటుంది. రెండోది మందం. జాలీ మూతిలో కూర్చున్నాక అంచు కొద్దిగా బయటికి కనిపించాలి. అప్పుడే రింగు దాన్ని అదిమి బ్లేడుకు ఆనిస్తుంది. పలచటి జాలీ అయితే రింగు వెళ్లి బాడీకే తగిలి ఆగిపోతుంది. ఎంత బిగించినా బ్లేడు మీద ఒత్తిడి పడదు. కొన్ని జాలీలకు ఒక పక్క నడిమధ్య గుబ్బలా ఉబ్బు ఉంటుంది, కొన్ని రెండు పక్కలా చదును. ఉబ్బున్నది రింగు లోపలికి పడుతుందా లేదా అన్నది బిగించి చూస్తేనే తెలుస్తుంది. మీరు బిగించి చూస్తారు. మూడో జాలీ గాడిలో కూర్చుంది, అంచు బయటికి కనిపిస్తోంది, రింగు అదుముతోంది.

ఇప్పుడు బ్లేడు. నాలుగు రెక్కలు, ఒక వైపు చదును, రెండో వైపు గుండ్రం. చదరపు కన్నం స్క్రూ మెడకు సరిపోతుందో లేదో చూడడం తేలికే. తేలికగా మరిచిపోయేది ఇంకొకటుంది. సేటు బ్లేడు చదును వైపును జాలీకి ఆనించి, రెండింటినీ కలిపి ట్యూబ్‌లైటుకు అడ్డం పెడతాడు. రెక్కకూ జాలీకీ మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. కొత్త జాలీ మీద మీ పాత బ్లేడు పెట్టినప్పుడు ఆ గీత స్పష్టంగా కనిపిస్తుంది. పాత బ్లేడు పాత జాలీతో కలిసి అరిగింది. దాని అరుగుదల దీనికి కుదరదు. అందుకే రెండూ జతగా కొనమంటాడు. అమ్మకం కోసం చెప్పిన మాట కాదని ఆ గీతే చెబుతోంది.

మీ పక్కన ఇంకొకామె వచ్చి నిలబడింది. చేతిలో స్టాండ్ మిక్సర్‌కు తగిలించే కైమా గొట్టం.

"అక్కా, ఇదీ ఇట్లనే సూడాల్నా?" అని మిమ్మల్నే అడుగుతుంది.

అప్పటికి మీకూ కొంచెం ధైర్యం వచ్చింది. ఆమె కిచెన్‌ఎయిడ్ మిక్సర్ ముందు భాగంలో చదరపు కన్నం ఉంటుంది. గొట్టం ఇరుసు అందులోకి పోతుంది, పక్కనున్న మర బిగిస్తే నిలుస్తుంది. 1937 నాటి మోడల్ కె నుంచి ఆ కంపెనీ ఆ కన్నాన్ని మార్చలేదు. కాబట్టి గొట్టం మిక్సర్‌కు పడుతుందా అనే ప్రశ్నకు జవాబు సులువు. గొట్టంలోకి జాలీ పడుతుందా అనేది వేరే ప్రశ్న. దానికి మిక్సర్ పేరు జవాబు చెప్పదు. మళ్లీ వెర్నియరే చెప్పాలి. పెట్టె మీద "అన్ని మిక్సర్లకూ సరిపోతుంది" అని రాసి ఉంటే, అది ఈ రెండు ప్రశ్నల్లో దేనికి జవాబో ముందు తేల్చుకోవాలి. సేటు ఆమె జాలీ కొలిచి, ఐదో నంబరు సొరుగు తీస్తాడు.

పనిలో పనిగా కరెంటు మిషన్ల సంగతీ ఒక మాట చెబుతాడు. చాలా ఇంటి మిషన్లలో స్క్రూ వెనక చివర ప్లాస్టిక్ కప్లింగ్ ఒకటి ఉంటుంది. ఎముక ముక్క ఇరుక్కుంటే ముందు అదే విరుగుతుంది. విరగడానికే పెట్టారు, మోటారు కాలిపోకుండా. అది విరిగిందని మిషన్ పారేసేవాళ్లున్నారు. పాత కప్లింగ్ తెస్తే చాలు, అదే మోడల్‌ది వెతకొచ్చు. ఇనుముతో చేయించి పెడితే మాత్రం ఈసారి విరిగేది గేరు.

ఇక బెజ్జాల సైజు. 3, 4.5, 6, 8, 10 మిల్లీమీటర్లు వరసగా మీ ముందున్నాయి. అన్నీ కొనాలనిపిస్తుంది. మీ ఇంట్లో వండేదేమిటో గుర్తు చేసుకుంటే చెయ్యి వెనక్కి వస్తుంది. కైమా ఫ్రైకి పలుకు పంటికి తగలాలి: 6 లేదా 8. ఉండల కూరకూ కబాబులకూ ముందు 8లో ఒకసారి, తర్వాత 4.5లో ఇంకోసారి. షామీ కబాబుకు మాంసాన్ని శనగపప్పుతో ఉడికించి నూరాలి, అక్కడ 3 బాగుంటుంది. పచ్చి మాంసాన్ని నేరుగా 3లోకి తోస్తే చేతులు పడిపోతాయి, మాంసం వేడెక్కుతుంది, కొవ్వు కరిగి జిడ్డవుతుంది. 8, 4.5 జాలీలు, రెండు బ్లేడులు కట్టమంటారు. ఒక్కో జాలీకి దాని బ్లేడు దానికే.

సాసేజి గొట్టాల సెట్టు కూడా చూపిస్తాడు. గొట్టం వెనక రేకు అంచు రింగు కిందికి పడుతుంది కానీ, నింపేటప్పుడు బ్లేడు తీసేసి, దాని చోట స్క్రూను మధ్యలో నిలబెట్టే పెద్ద కన్నాల జాలీ పెట్టాలి. మీ దగ్గర అదీ లేదు, పేగు తొడుగులు తెచ్చే ఉద్దేశమూ లేదు. వద్దంటారు.

ఆదివారం పొద్దున మటన్ కొట్టు నుంచి తొడ మాంసం వచ్చింది, ఎముక లేకుండా. కొత్త జాలీలకు ఫ్యాక్టరీ నూనె అంటుకుని ఉంటుంది. వేడినీళ్లు, సబ్బుతో రుద్ది, వెంటనే తుడుస్తారు. మాంసం మీది తెల్లటి పొర, నరాలు గీకి తీసేసి, వేలెడు పొడవు పట్టీలుగా కోసి, అరగంట ఫ్రీజర్‌లో పెడతారు. గడ్డ కట్టకూడదు, అంచులు బిరుసెక్కితే చాలు. మిషన్ బాడీని, స్క్రూను కూడా పక్కనే పెట్టండి. చల్లగా ఉంటే కొవ్వు తెగుతుంది, వెచ్చబడితే పూసుకుంటుంది.

బల్ల అంచుకు బాడీ బిగించారు. స్క్రూ లోపలికి, చదరపు మెడకు బ్లేడు. చదును వైపు బయటికి, జాలీ వైపు. ఇక్కడ తప్పితే కొన్నవన్నీ వృథా. జాలీ గాడి బొడిపె మీద కూర్చుంది. రింగు చేత్తో బిగించారు, స్పానర్‌తో కాదు. ఖాళీగా ఎక్కువసేపు తిప్పకండి, ఇనుము ఇనుమును తింటుంది. ముందు ఒక కొవ్వు ముక్క వేయండి.

హ్యాండిల్ తిప్పుతారు. మొదట్లో ఏమీ రాదు. స్క్రూ మాంసాన్ని పట్టుకున్నాక చేతికి బరువు తెలుస్తుంది, జాలీ వెనక చిన్నగా కరకరమని చప్పుడు. అప్పుడు 8 మిల్లీమీటర్ల బెజ్జాల్లోంచి ఎర్రటి దారాలు బయటికొస్తాయి. వేటికవే విడివిడిగా ఉన్నాయి, ఎరుపు ఎరుపుగానూ కొవ్వు తెల్లగానూ కనిపిస్తోంది. మీరు వెతికిన గుర్తు ఇదే. రెండూ కలిసిపోయి గులాబి రంగు ముద్దలా వస్తే ఎక్కడో వదులుంది, లేదా బ్లేడుకు నరం చుట్టుకుంది. ఆపి, రింగు విప్పి, నరం లాగి, మళ్లీ బిగించాలి. బూడిద రంగు చార కనిపిస్తే మరీ ఎక్కువ బిగించారు, లోహం రాలుతోంది. ఆ ముద్ద పారేయాలి.

సగాన్ని ఫ్రైకి పక్కన పెట్టి, మిగతా సగానికి 4.5 జాలీ మారుస్తారు. రెండోసారి చెయ్యి తేలిగ్గా తిరుగుతుంది. మధ్యాహ్నం ఉండల కూర గిన్నెలో ఒక్క ఉండ కూడా విడిపోలేదు. బియ్యప్పిండి కలపకుండానే నిలిచాయి.

షామీ చేద్దామా అని ఇంట్లో వాళ్లు అడిగేది సాయంత్రం. 3 మిల్లీమీటర్ల జాలీ కోసం ఫోన్‌లో వెతుకుతారు. మొదట కనిపించిన దాని కింద "పది, పన్నెండు నంబరు మిషన్లకు, వ్యాసం 70" అని ఉంది. నిన్న పొద్దున అయితే అక్కడే కొనేసేవారు. ఇప్పుడు నడిమి బెజ్జం ఎంత, మందం ఎంత, గాడి వెడల్పు ఎంత అని అమ్మే అతనికి రాస్తారు. "పర్ఫెక్ట్ ఫిట్ మేడమ్" అని జవాబొస్తుంది. మళ్లీ అవే మూడు అడుగుతారు. మళ్లీ అదే జవాబు. ఫోన్ పక్కన పెట్టి శనగపప్పు నానబోస్తారు. ఈసారికి షామీ ముద్ద 4.5లోనే రెండుసార్లు తిప్పుకోవచ్చు.