ఫ్యాక్టరీ మురుగుపై ఆన్‌లైన్ నిఘా: పటాన్‌చెరు రీడింగ్ ఢిల్లీ సర్వర్‌కు ఎలా వెళ్తుంది? ఒక్క సెట్టింగ్ తప్పితే ఏమవుతుంది?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం... సంగారెడ్డి జిల్లాలోని ఈ పారిశ్రామికవాడల్లో ఫార్మా, రసాయన పరిశ్రమలు ఎక్కువ. వాటి వ్యర్థ జలాలు చెరువుల్లో, నక్కవాగులో కలిసి మంజీర దాకా పోతున్నాయన్న గొడవ ఈనాటిది కాదు. 1990లోనే ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 స్కోర్ ఇచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతమే.

అధికారి వచ్చి బాటిల్‌లో శాంపిల్ పట్టుకునే దాకా ఆగకుండా, నీటి వివరాలు రోజంతా సర్వర్‌కు చేరాలన్నదే ఆన్‌లైన్ మానిటరింగ్ ఉద్దేశం. ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు దీన్ని పెట్టాలని 2014 ఫిబ్రవరిలో సీపీసీబీ ఆదేశించింది. ఆ జాబితాలో ఫార్మా కూడా ఉంది.

రీడింగ్ ప్రయాణం ఎలా?

వ్యర్థ జలం బయటికి వెళ్లే చోట అనలైజర్ ఉంటుంది. పీహెచ్, సీఓడీ, బీఓడీ, నీటిలో తేలే ఘన పదార్థాలు, ప్రవాహం కొలుస్తారు. ఆ సిగ్నల్ పక్కనే ఉండే డేటా లాగర్ అనే పెట్టెలోకి వెళ్తుంది. లాగర్ దాన్ని అంకెగా మార్చి, ఇంటర్నెట్ ద్వారా రాష్ట్ర పీసీబీ, సీపీసీబీ సర్వర్లకు పంపుతుంది. సాధారణంగా 15 నిమిషాలకోసారి వివరాలు చేరాలి. పరిమితి దాటితే అలర్ట్ మెసేజ్ వెళ్తుంది. చుక్క నీరు కూడా బయటికి వదలబోమని చెప్పే పరిశ్రమల్లో అయితే ఫ్లో మీటర్లు, కెమెరాలు పెట్టాలి.

అసలు చిక్కు ఎక్కడ?

చాలా అనలైజర్లు కొలతను 4 నుంచి 20 మిల్లీయాంప్‌ల కరెంటు రూపంలో పంపుతాయి. అంటే సున్నాకు 4, గరిష్ఠ కొలతకు 20. ఆ గరిష్ఠ కొలత ఎంతో లాగర్‌కు విడిగా చెప్పాలి. తేడా వచ్చేది ఇక్కడే.

ఉదాహరణకు, అనలైజర్ రేంజ్ 0-500. నీటిలో అసలు సీఓడీ లీటరుకు 400 మిల్లీగ్రాములు. సిగ్నల్ 16.8 మిల్లీయాంప్‌లు వస్తుంది. లాగర్‌లో మాత్రం రేంజ్ 0-250 అని పెట్టారనుకుంటే, అదే సిగ్నల్‌ను అది 200గా చదువుతుంది. వాగులు, నదుల్లోకి వదిలే నీటికి సాధారణ పరిమితి 250. అంటే పరిమితి దాటిన నీరు సర్వర్‌లో ‘ఓకే’ అయిపోతుంది. అలర్ట్ రాదు. మిషన్ పాడవలేదు, నెట్ పోలేదు, స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంటుంది. కావాలని చేసినా, పొరపాటున జరిగినా ఫలితం ఒక్కటే.

కనెక్షన్ పెట్టేటప్పుడు చూడాల్సినవి

- రేంజ్, యూనిట్: అనలైజర్‌లో, లాగర్‌లో ఒకేలా ఉండాలి.
- గుర్తింపు: సర్వర్ ఇచ్చిన పరిశ్రమ ఐడీ, పరికరం ఐడీ, సెక్యూరిటీ కీ సరిగ్గా ఎక్కించాలి. ఐడీ మారితే ఒక పాయింట్ రీడింగ్ ఇంకో పాయింట్ పేరు మీద పడుతుంది.
- టైమ్: లాగర్ గడియారం ఆటోమేటిక్‌గా సరిచూసుకునేలా పెట్టాలి. గంట తేడా ఉన్నా కెమెరా దృశ్యానికి, రీడింగ్‌కు పొంతన కుదరదు.
- నెట్ పోతే: రీడింగ్‌లు లాగర్‌లోనే దాచుకుని, లైన్ వచ్చాక అసలు టైమ్‌తో పంపాలి.
- భద్రత: కంపెనీ నుంచి వచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ వెంటనే మార్చాలి. లాగర్ నుంచి సర్వర్‌కు వెళ్లే దారి తప్ప బయటి నుంచి లోపలికి దారి తెరిచి ఉంచకూడదు.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష తప్పనిసరి. విలువ ముందే తెలిసిన ద్రావణాన్ని అనలైజర్‌కు ఇచ్చి అనలైజర్ తెర, లాగర్, సర్వర్ మూడింటిలో అంకె చూడాలి. మూడూ కలిస్తేనే కనెక్షన్ వచ్చినట్టు. సర్వర్‌లో ‘కనెక్టెడ్’ అని కనిపిస్తే చాలదు.

ఏ రీడింగ్‌ను అనుమానించాలి?

సజీవంగా పారే నీటి కొలత ఎప్పుడూ కాస్త అటూఇటూ కదులుతుంది. గంటల తరబడి ఒకే అంకె వస్తుంటే సెన్సర్ మురికి పట్టి ఉండొచ్చు, సిగ్నల్ ఆగిపోయి ఉండొచ్చు. సరిగ్గా వాన పడ్డప్పుడే రీడింగ్ మాయమైనా ఆరా తీయాల్సిందే. ‘డేటా లేదు’ అంటే కాలుష్యం లేదని కాదు.

జనం ఎలా చూడొచ్చు?

కాలుష్య వివరాలను ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు ప్రజలకు కనిపించేలా పెట్టాలని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. గాలి విషయానికొస్తే బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్ దగ్గర ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి. గాలి నాణ్యత సూచీని సీపీసీబీ ‘సమీర్’ యాప్‌లో ఫోన్‌లోనే చూడొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. చెరువులో నురగ, ఘాటు వాసన కనిపిస్తే తేదీ, టైమ్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ టైమ్‌కు సర్వర్‌లో ఏ అంకె ఉందో పీసీబీని అడగడానికి అదే ఆధారం.