తిమింగలం బొమ్మ వెనుక చరిత్ర

దసరా సెలవులకు మా అక్క ఇంటికొచ్చింది. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆమె లాప్‌టాప్ తెర మీద ఒక మూల చిన్న తిమింగలం బొమ్మ కనిపించింది. దాని వీపు మీద పెట్టెలు పేర్చి ఉన్నాయి. "ఇదేంటక్కా, ఆటా?" అని అడిగాను. "ఆట కాదురా, డాకర్. దీనికీ పెద్ద చరిత్రే ఉంది" అంది. చరిత్రంటే రాజులు, యుద్ధాలే అనుకునేవాణ్ణి. అక్క చెప్పింది విని, తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఓడల సంగతి. ఒకప్పుడు బస్తాలు, పీపాలు, పెట్టెలు ఒక్కొక్కటిగా కూలీలు ఓడలోకి ఎక్కించేవారు. అందుకు రోజులు పట్టేది. 1956 ఏప్రిల్‌లో అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద 58 లోహపు పెట్టెలను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. పెట్టెలో ఏముందో ఓడకు అనవసరం. పెట్టెల కొలత ఒకటైతే చాలు, క్రేన్ ఎత్తేస్తుంది. వీటినే కంటైనర్లు అంటారు.

సాఫ్ట్‌వేర్‌కూ ఇదే కష్టం ఉండేది. ఒక కంప్యూటర్‌లో బాగా నడిచిన ప్రోగ్రాం ఇంకో దాంట్లో మొరాయిస్తుంది. ఎందుకంటే దానికి కావలసిన మిగతా ఫైళ్ళు అక్కడ ఉండవు, ఉన్నా వేరే వెర్షన్ ఉంటాయి. ప్రోగ్రాంనూ దానికి కావలసినవన్నీ కలిపి ఒకే పెట్టెలో సర్దితే ఎక్కడైనా నడుస్తుంది కదా! ఈ ఆలోచన కొత్తది కాదు. 1979లోనే యూనిక్స్‌లో దీనికి మొదటి మెట్టు పడింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైల్స్', 2008లో లినక్స్‌లో ఎల్‌ఎక్స్‌సీ వచ్చాయి. అయితే అవి నిపుణులకే అర్థమయ్యేవి. 2013 మార్చిలో సోలమన్ హైక్స్ అమెరికాలో జరిగిన పైకాన్ సభలో అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను చూపించాడు. ఆ తర్వాత అది ప్రపంచమంతా పాకింది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. ఈ కంటైనర్లకు లినక్స్ కెర్నెల్ కావాలి. కానీ చాలామంది విండోస్, మాక్ మీద పనిచేస్తారు. వాళ్ళు ముందు వర్చువల్ మెషీన్ పెట్టుకుని, అందులో లినక్స్ ఎక్కించి, నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాల్సి వచ్చేది. ఒక్క అక్షరం తప్పితే పని ఆగిపోతుంది. కైటమాటిక్ అనే కిటికీ సాధనం ఈ పనికి బొత్తాలు ఇచ్చింది. 2015లో డాకర్ కంపెనీ దాన్ని కొనేసింది. 2016లో మాక్‌కు, విండోస్‌కు సొంత సాధనాలు విడుదల చేసింది. అవే తర్వాత డాకర్ డెస్క్‌టాప్ అయ్యాయి. లోపల చిన్న లినక్స్ దానంతటదే నడుస్తుంది. పైన కిటికీలో ఏ కంటైనర్ నడుస్తోంది, ఏది ఆగింది అన్నీ కనిపిస్తాయి. నొక్కితే మొదలవుతుంది, నొక్కితే ఆగుతుంది.

2021 ఆగస్టు 31న కథ మలుపు తిరిగింది. 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులు, ఏడాదికి కోటి డాలర్ల కన్నా తక్కువ రాబడి ఉన్న కంపెనీలకు ఉచితమే గానీ, పెద్ద కంపెనీలు డబ్బు కట్టాలని డాకర్ ప్రకటించింది. గడువు 2022 జనవరి 31 వరకు ఇచ్చింది. చదువుకునేవాళ్ళకు, సొంతానికి వాడుకునేవాళ్ళకు ఉచితంగానే ఉంచింది. గమనించాల్సింది ఏమిటంటే, లోపలి ఇంజన్ అందరిదీ, దాని కోడ్ బయటే ఉంది. కంపెనీది పైనున్న కిటికీ. అలవాటైన కిటికీకి ధర కట్టేసరికి చాలామంది వేరే దారి వెతికారు. 2022లో రాంచర్ డెస్క్‌టాప్ మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. 2023లో రెడ్‌హ్యాట్ వారి పాడ్‌మన్ డెస్క్‌టాప్ కూడా వచ్చింది. ఈ రెండూ ఓపెన్‌సోర్స్.

కంపెనీ చేసింది తప్పా అని అక్కను అడిగాను. "తయారుచేసినవాళ్ళకూ జీతాలు కావాలి కదరా. కానీ బొత్తాలు మాత్రమే తెలిసినవాడు బొత్తం మారితే ఆగిపోతాడు" అంది. తర్వాత తిమింగలం మీద నొక్కనివ్వకుండా, నా చేత ముందు నల్ల తెర మీద ఒక ఆదేశం టైపు చేయించింది. రెండుసార్లు తప్పు రాశాను, మూడోసారి నడిచింది. ఆ తర్వాతే కిటికీ తెరిచింది. నేను మొదలుపెట్టిన కంటైనర్ అందులో కనిపించింది. కిటికీ మంచిదే, ఎంతోమందికి దారి చూపింది. కానీ దాని వెనుక ఏం జరుగుతోందో తెలుసుకుంటే ఏ కిటికీ మూసుకున్నా మనం ఆగిపోము.