నర్సమ్మ ఫైల్లో కాగితాలు: బీఎస్సీ నర్సింగ్ చదువు ఎక్కడ నుంచి వచ్చింది

పోయిన చలికాలం ఒక శుక్రవారం అల్ రయ్యాన్‌లో మనవాళ్ళ ఆరోగ్య శిబిరంలో బీపీ చూస్తూ కూర్చున్నాను. వరసలో చివరగా వచ్చిన డ్రైవర్ అన్నయ్య, కోనసీమ మనిషి, చెయ్యి చాపమంటే ఫోన్ చాపాడు. "సిస్టరమ్మా, మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ అయిపోయిందండి. నర్సింగ్‌లో వేద్దామని. ఒకాయన జీఎన్ఎం చాలంటాడు, ఇంకొకాయన బీఎస్సీయే చెయ్యాలంటాడు. ఇదిగో కాలేజీ కాగితం. డబ్బు కట్టేశాక మళ్ళీ రాదు కదండీ."

ఆ కాగితంలో మేడ ఫొటో ఉంది, బస్సు ఫొటో ఉంది, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అని ఉంది. ఏ యూనివర్సిటీ కింద నడుస్తోందో మాత్రం ఎక్కడా లేదు. ఆయన బీపీ 150/100 వచ్చింది. అందులో కొంత ఈ కాగితం వల్లే అనుకున్నాను.

ఆరోజు నాలుగు ముక్కలు చెప్పి పంపించేశాను. పూర్తిగా చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఖతర్‌కి ఉద్యోగానికి వచ్చే ప్రతి నర్సు చేతిలో ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి ఉంటుంది. ఇంటర్ మార్కులు, డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవం సర్టిఫికెట్. ఈ కాగితాలు ఒక్కసారిగా పుట్టలేదు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కొద్దీ వచ్చి చేరింది.

మొదట్లో ఏ కాగితమూ లేదు. 1871లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల బడి మొదలైనప్పుడు శిక్షణ ఆరు నెలలే. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి మన కథ కూడా అక్కడే మొదలవుతుంది. తెలుగు నేల మీద ఈ పనికి చోటిచ్చింది ఎక్కువగా మిషన్ ఆస్పత్రులు. అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో ఆడవాళ్ళకీ పిల్లలకీ 1898లో ఆస్పత్రి కట్టించింది. అలాంటి చోట్ల రోగి పక్కన నిలబడి పని నేర్చుకున్న పిల్లలే మన మొదటితరం నర్సులు.

వాళ్ళెవరో కూడా చెప్పుకోవాలి. చాలామంది క్రైస్తవ కుటుంబాల పిల్లలు, దళిత కుటుంబాల పిల్లలు. మిగతా ఇళ్ళల్లో రాత్రి డ్యూటీ అంటే పరువు తక్కువ, పరాయి మగవాడి పుండు కడగడం అంటే మైల. మా నాయనమ్మ ఊళ్ళో నర్సు చేతి సూది కావాలి గానీ నర్సు ఇంట్లో మంచినీళ్ళు అక్కర్లేదు. కేరళ పిల్లలు దేశదేశాలకి వెళ్ళిపోయాక కూడా మన దగ్గర నుంచి తక్కువమంది రావడానికి జీతం, దూరం అని ఎన్ని కారణాలు చెప్పినా, నాకు మాత్రం ఈ చిన్నచూపే పెద్ద కారణం అనిపిస్తుంది. ఆ రోజుల్లో మొహం తిప్పుకున్న ఇళ్ళవాళ్ళే ఇవాళ మేనేజ్‌మెంట్ సీటు కోసం అప్పు చేస్తున్నారు.

1926లో మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. పని వచ్చిన ఎవరినైనా నర్సు అనే రోజులు పోయి, రిజిస్టర్లో పేరున్నవాళ్ళే నర్సులయ్యారు. ఫైల్లో కౌన్సిల్ కాగితం అక్కడ నుంచి వచ్చింది. నిజాం రాజ్యం వేరే కనుక తెలంగాణకి అప్పట్లో ఈ చట్టం వర్తించలేదు.

డిగ్రీకి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. దేశం మొత్తంలో ఉన్న నర్సులు 7,000 మంది, అంటే 43,000 మంది జనానికి ఒక్కరు అని 1946లో భోర్ కమిటీ లెక్క తేల్చింది. అదే ఏడాది ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. వెల్లూరు సంగతి మన చిత్తూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. డాక్టర్ ఐడా స్కడర్ 1909లోనే అక్కడ నర్సింగ్ బడి పెట్టింది. డాక్టరు చెప్పింది చెయ్యడం దాటి, ఎందుకు చేస్తున్నామో తెలిసిన నర్సు కావాలంటే యూనివర్సిటీ చదువు ఉండాలన్నది అప్పటి ఆలోచన. మరుసటి ఏడాది 1947 చివర్లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువు ఎన్నేళ్ళు, ఎవరిని చేర్చుకోవాలి అన్నవి దేశమంతటికీ ఒకే తీరుగా ఉండాలని ఆ చట్టం పెట్టారు.

అయినా చాలా కాలం మన ఆస్పత్రులు నడిచింది డిప్లొమా వాళ్ళ మీదే. అది మూడేళ్ళు, మధ్యలో కొన్నాళ్ళు మూడున్నర. నేనూ ఆ దారినే వచ్చాను. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం రావడంతో మెడికల్ కాలేజీలతోపాటు నర్సింగ్ కాలేజీలూ దాని కిందికి వెళ్ళాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకి వరంగల్‌లో కాళోజీ పేరుతో వేరే యూనివర్సిటీ వచ్చింది. ఈలోగా ప్రైవేటు కాలేజీలు ఊరికొకటి లేచాయి. అందులో మంచివి ఉన్నాయి. వంద పడకల ఆస్పత్రి కూడా లేకుండా పిల్లల్ని బస్సెక్కించి వేరే ఊరి వార్డు దూరంనుంచి చూపించి తెచ్చేవీ ఉన్నాయి. నాతో పనిచేసిన ఒక చెల్లెలు చదివిన కాలేజీ మూతపడితే, ఆమె డిగ్రీ నిజమైనదేనని రుజువు చేసుకోవడానికి నెలల తరబడి తిరిగింది.

ఇప్పుడు అన్నయ్య అడిగిన ప్రశ్న. 2021 జూలైలో గెజెట్లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం బీఎస్సీకి ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి, ఇంగ్లీషు పాసై మిగతా మూడూ కలిపి 45 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 40. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్ళు నిండాలి. ఒకప్పుడు ఇంటర్ మార్కుల మీదే సీట్లు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు ప్రవేశ పరీక్ష తప్పనిసరి అన్నారు. సీఈసీ చదివిన పిల్లకి డిప్లొమా తలుపు తెరిచే ఉంటుంది, బీఎస్సీ తలుపు తెరుచుకోదు. అందుకే పదో తరగతి అయిన రోజే ఆలోచించుకోవాలి.

చదువు నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. మొదట అనాటమీ, ఫిజియాలజీ, వాటితోపాటు సోషియాలజీ, సైకాలజీ. నర్సుకి సోషియాలజీ ఎందుకని మా ఇంట్లోనే నవ్వారు. క్యాంపు గదిలో పది మందితో ఉండే మనిషిని "మీరు ఐసొలేషన్లో ఉండండి" అని పంపేసే నర్సుని చూస్తే ఎందుకో తెలుస్తుంది. తరవాత మైక్రోబయాలజీ, మందుల శాస్త్రం, పెద్దల జబ్బులు, పసిపిల్లలు, మానసిక వైద్యం, కాన్పులు, ఊరి ఆరోగ్యం. ఆఖరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్, 22 వారాలు, వారానికి 48 గంటలు. డిప్లొమా చేసినవాళ్ళు తరవాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు.

ఈ ఎడారి దేశంలో కథ ఇంకా కొత్తది. రుమైలా ఆస్పత్రి 1957లో తెరిచారు, హమద్ కార్పొరేషన్ 1979లో, హమద్ జనరల్ 1982లో. నర్సులు ఎక్కువమంది బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే. ఇక్కడే నర్సింగ్ డిగ్రీ ఇవ్వడానికి కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ 2007లో శాఖ తెరిచింది. దాని క్యాంపస్ మన అల్ రయ్యాన్‌లోనే, ఫురూసియా రోడ్డు మీద. కొత్త పిల్లలకే కాదు, డిప్లొమాతో ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి కూడా అక్కడ డిగ్రీ దారి పెట్టారు. నా తోటి నర్సులు కొందరు నైట్ డ్యూటీ దిగి యూనిఫాం మార్చుకుని క్లాసుకి వెళ్ళేవాళ్ళు. ఇంగ్లీషు పరీక్షకి భయపడి నేను వెళ్ళలేదు. అది ఇప్పటికీ మనసులో ముల్లే. 2022లో ఖతర్ యూనివర్సిటీ కూడా నర్సింగ్ కాలేజీ పెట్టింది.

2013లో ఇక్కడ వైద్యవృత్తుల వాళ్ళకి కౌన్సిల్ ఏర్పడింది. డేటాఫ్లో, ప్రోమెట్రిక్ అన్న మాటలు మనవాళ్ళ నోట తరచుగా వినిపిస్తాయి. డేటాఫ్లో అంటే మన డిగ్రీ నిజమా కాదా అని మనల్ని అడగకుండా నేరుగా కాలేజీనీ, యూనివర్సిటీనీ, కౌన్సిల్‌నీ అడగడం. మద్రాసు చట్టం నుంచి విజయవాడ యూనివర్సిటీ దాకా వచ్చిన కాగితాలన్నీ అక్కడ ఒక్కసారే లెక్కకి వస్తాయి. ఒక్కటి పలక్కపోయినా పని ఆగిపోతుంది. ఏజెంట్ల మోసాలు మితిమీరాక 2015లో భారత ప్రభుత్వం ఖతర్‌తో సహా 18 దేశాలకి నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం పెట్టింది. మన రెండు రాష్ట్రాల ఓమ్‌క్యాప్, టామ్‌కామ్ తరవాత ఆ జాబితాలో చేరాయి.

2020లో ఇండస్ట్రియల్ ఏరియా మూసేసిన రోజులు మీలో చాలామందికి గుర్తే. ఆక్సిజన్ పెట్టిన ఒక కరీంనగర్ పెద్దాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. భాష రాదని అందరూ అనుకున్నారు. నేను వెళ్ళి "పెదనాన్నా, ఎక్కడ నొస్తోంది" అంటే, నొప్పి సంగతి తరవాత, "మా ఇంటికి ఫోన్ చెయ్యి బిడ్డా" అన్నాడు. ఆ వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

డ్రైవర్ అన్నయ్య ఆ మేడ ఫొటో కాలేజీకి డబ్బు కట్టలేదు. కాలేజీ పేరు యూనివర్సిటీ జాబితాలో ఉందా, కౌన్సిల్ జాబితాలో ఉందా, పిల్లలు డ్యూటీ చేసే ఆస్పత్రి ఏది, సీటు కన్వీనర్ కోటాదా మేనేజ్‌మెంట్‌దా అని రెండు నెలలు ఫోన్లో పీకి పెట్టాడు, నన్ను కూడా. అమ్మాయి ఇప్పుడు మూడో సెమిస్టర్. మందుల శాస్త్రం అందులోనే మొదలవుతుంది. మొన్న రాత్రి, ఇక్కడ పదిన్నర, అక్కడ ఒంటిగంట, ఫోన్ చేసింది. "ఆంటీ, ఐదు వందల ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు?" సెట్టు మీద ఎంఎల్‌కి ఎన్ని చుక్కలని రాసుందో ముందు చూడమన్నాను. ఇరవై అంది. అయితే లెక్క నువ్వే చెయ్యమన్నాను. కాసేపటికి ఇరవై ఒకటి అని మెసేజ్ పెట్టింది.