స్వజనుల ద్రోహము – క్షమాపణ మార్గము

సంఘ చరిత్ర వ్రాయబూనువారు సాధారణముగా ఆలయముల శంకుస్థాపన తేదీలను, మిషనరీ దొరల పేర్లను, పాఠశాలల సంఖ్యను చెప్పి ముగించుట కలదు. అవి అవసరమే. అయితే ఏ రిజిస్టరులోను ఎక్కని సంగతి మరియొకటి యున్నది. తన వారివలన దెబ్బ తిన్న విశ్వాసి ఆ దెబ్బను ఏమి చేసికొన్నాడు? సంఘము నిలుచుటయు కూలుటయు చాలవరకు దీనిమీదనే ఆధారపడియున్నది. ఈ శతాబ్ది సంచికలో దానికి కొంత చోటు ఇయ్యవలెనని ఈ వ్యాసము.

మా ఆస్పరి గుంతకల్లు–ఆదోని రైలు మార్గముమీదనున్న ఊరు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండెను. కనుక ఈ ప్రాంతపు సువార్త చరిత్రను వెదకువారు కర్నూలు వైపు మాత్రమేగాక బళ్లారి వైపు కూడ చూడవలెను. 1810లో లండన్ మిషన్ వారి జాన్ హ్యాండ్స్ దొర బళ్లారిలో పని ప్రారంభించెను. లండన్ మిషన్ సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘములోను, 1947లో దక్షిణ ఇండియా సంఘములోను కలిసినవి. ఇంతవరకు అందరికి తెలిసినదే.

ఈ నల్లరేగడి నేలలో ప్రత్తి, వేరుశనగ పండించుకొని బ్రతుకు పల్లెలలో ఎవరైనను "మోసపోయితిని" అని ఏడ్చినయెడల, ఆ మోసగాడు పరదేశి అగుట అరుదు. గట్టు జరిపినవాడు దాయాది. భాగపరిష్కారమున తమ్ముని వ్రేలిముద్ర వేయించుకొన్నవాడు అన్న. జామీను నిలువబెట్టి అప్పు ఎగవేసినవాడు బావమరిది. పరాయివాని దెబ్బకు మందు కలదు, ఇంటివాని దెబ్బ తరముల వరకు పచ్చిగానే యుండును. రాయలసీమ కక్షలలో ఎన్నో ఇట్టి ఇంటి తగవులనుండియే పుట్టినవని పెద్దలు ఎరుగుదురు.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని దాచలేదు. ఏబదియైదవ కీర్తనలో భక్తుడు, నిందించినవాడు శత్రువైనయెడల సహింపగలిగియుందును గాని, అతడు నాతో కలిసి దేవుని మందిరమునకు నడచిన నా స్నేహితుడని మొరపెట్టుకొనెను. యోసేపును ఇరువది తులముల వెండికి అమ్మివేసినవారు సొంత అన్నలు. యోసేపు వారిని కౌగిలించుకొనిన ఘట్టముతో మన ప్రసంగములు తరచుగా ముగియును. దానికి ముందు అతడు వారిని పరీక్షించెను, బెన్యామీను గోనెలో వెండిగిన్నె పెట్టించెను. తమ్మునికి బదులు తాను దాసుడనగుదునని యూదా ముందుకు వచ్చిన తరువాతనే తన్ను తాను తెలియజేసికొనెను. ఐగుప్తునకు వచ్చిన తరువాత యాకోబు పదునేడు సంవత్సరములు బ్రదికెను. తండ్రి చనిపోగానే, యోసేపు ఇప్పుడు పగ తీర్చుకొనునేమో అని అన్నలు భయపడిరి. అనగా పదునేడేండ్లు అతని రొట్టె తినియు, క్షమింపబడితిమని వారు నమ్మలేకపోయిరి. క్షమించుట కష్టమని అందరు చెప్పుదురు. క్షమాపణను నమ్ముట కూడ అంత కష్టమేనని నా అభిప్రాయము.

మన దేశపు క్రైస్తవ చరిత్రలో ఈ సంగతికి సాధు సుందర్ సింగు జీవితమును మించిన నిదర్శనము నాకు కనబడలేదు. ఆయన 1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూరులో కలిగిన సిక్కు కుటుంబమున పుట్టెను. బాల్యములోనే తల్లిని పోగొట్టుకొని, ఆ దుఃఖములో క్రైస్తవులమీద కోపముతో సువార్త ప్రతిని తగులబెట్టెను. 1904 డిసెంబరు 18న తెల్లవారుజామున ఆయనకు క్రీస్తు దర్శనము కలిగెను. అటుపిమ్మట ఇంటివారు బ్రతిమాలిరి, ఆస్తి ఆశ చూపిరి, భయపెట్టిరి. ఆయన తల వెండ్రుకలు కత్తిరించుకొనగానే తండ్రి ఇంటినుండి వెళ్లగొట్టెను. వెళ్లునప్పుడు పెట్టిన భోజనములో విషము కలిపిరనియు, దారిలో రోపర్ వద్ద ప్రాణాపాయస్థితిలో నుండగా అక్కడి క్రైస్తవులు ఆదుకొనిరనియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. 1905లో, తనకు పదునారేండ్లు నిండిన దినమున, ఆయన సిమ్లాలో బాప్తిస్మము పొందెను.

సుందర్ సింగు చెప్పిన అద్భుతములను కొన్నిటిని గూర్చి 1920 తరువాత ఐరోపాలో పండితులు గట్టి వాదము సలిపిరి. ఆ వాదముతో మనకు పనిలేదు. మనకు కావలసినది అద్భుతము కాని ఒక చిన్న సంగతి.

కాషాయము ధరించి తిరుగుచు ఆయన ఒకమారు తండ్రిని చూడబోయెను. తండ్రి మొదట లోనికి రానీయలేదు. పిమ్మట రానిచ్చెను గాని, మైల సోకకుండ దూరముగా కూర్చుండబెట్టెను. దాహమునకు పాత్ర ఇయ్యక, పైనుండి నీళ్లు పోయగా దోసిలి పట్టి త్రాగవలసివచ్చెను. ఎంతో ప్రేమించిన తండ్రి అట్లు చేయగా తనకు కన్నీరు ఆగలేదని సాధువు తానే తరువాత చెప్పుకొనెను.

ఈ సంగతిని సిమ్లాలోనో లండనులోనో చదివినవారికి ఇది ఒక కరుణ కథ మాత్రమే. మన పల్లెలలో చదువువారికి అట్లు కాదు. ఎత్తి పోసిన నీళ్లను దోసిలితో త్రాగుట మన తాతలకు, అవ్వలకు తెలిసిన పని. బావి గట్టెక్కనీయక, ఎవరో దయతలచి పోయువరకు కడవ పెట్టుకొని కూర్చుండుట వారికి తెలియును. వారికి అది పుట్టుకతో వచ్చిన అవమానము, పోసినవారు పరాయివారు. కలిగినయింట పుట్టిన సుందర్ సింగుకు అదే అవమానము కన్నతండ్రి చేతినుండి వచ్చెను. ఆ నీళ్లు త్రాగి ఆయన తండ్రికి నమస్కరించి లేచిపోయెను. తండ్రిని నిందించుచు ఊరూర ప్రసంగింపలేదు. మరల మరల ఉత్తరములు వ్రాసి నొప్పింపను లేదు.

పదునాలుగేండ్లు గడచెను. 1918లో సాధువు దక్షిణ ఇండియాలో పర్యటించి వేలమందికి బోధించెను. 1919లో తండ్రి షేర్ సింగు క్రీస్తును అంగీకరించెను. అంతేకాదు, కుమారుడు 1920లో ఇంగ్లండుకు పోవుటకు ప్రయాణపు ఖర్చు ఆ తండ్రియే ఇచ్చెను. వెలివేసిన ఇంటినుండియే దారి ఖర్చు వచ్చినది.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. తండ్రి దృష్టిలో ద్రోహము చేసినవాడు కుమారుడే. వంశ గౌరవమును, తల్లి భక్తిని కాలదన్నిపోయిన కొడుకని ఆయన ఏడ్చియుండును. మన తెలుగు దేశములోను ఇదే జరిగినది. మచిలీపట్టణములో నోబుల్ దొర 1843లో స్థాపించిన పాఠశాలలో మంచాల రత్నము, అయినాల భూషణము అను విద్యార్థులు 1852లో బాప్తిస్మము పొందగా ఊరు అట్టుడికినది, పిల్లలను తల్లిదండ్రులు బడి మాన్పించిరి. ఆ యువకులిద్దరు తరువాత గురువులైరి, వారి పేర్లు మన చరిత్రలలో గౌరవముగా నున్నవి. ఆ తల్లుల దుఃఖమునకు మాత్రము మన చరిత్రలు ఒక పంక్తియు కేటాయింపలేదు. అది మన లోపమనియే అనుకొనుచున్నాను.

హైదరాబాదులో హెబ్రోను స్థాపించి 2000 సెప్టెంబరు 17న కన్నుమూసిన భక్తసింగు గారి సంగతియు అట్టిదే. చదువుకొరకు పరదేశము పోవునప్పుడు, మతము మార్చుకొననని తల్లికి మాట ఇచ్చి వెళ్లెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఆయన క్రీస్తును కనుగొనెను. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తలిదండ్రులు కలిసికొని, నీ విశ్వాసమును రహస్యముగా ఉంచుకొనుమని వేడుకొనిరి. ఆయన ఒప్పుకొనలేదు. వారు ఆయనను అక్కడనే విడిచి వెళ్లిపోయిరి. ఆ బొంబాయి వీధిలో విడువబడినవారు ఎవరు? కొడుకా, మాట తప్పిన కొడుకును కన్న తల్లియా? ఇద్దరునని నేననుకొనుచున్నాను. విశ్వాసమును వదలుకొనుట సరికాదు. అయితే తన విశ్వాసము ఇతరులకు ఎంత నొప్పి కలిగించెనో ఎరుగని వాని క్షమాపణలో కొంచెము గర్వము మిగిలియుండును.

మన సంఘమునకే ఒక దాయాది ఎడబాటు కలదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులలో అనేకులు అందులో చేరలేదు. ఆ ఎడబాటు 1975లోగాని తీరలేదు. ఒకే ప్రభువు, ఒకే భాష, ఒకే జిల్లా. అయినను ఇరువది యెనిమిది సంవత్సరములు పట్టెను.

క్షమించుట అనగా దొంగ పత్రమును సక్రమమనుట కాదు. విశ్వాసులు న్యాయస్థానమునకు పోరాదని కొరింథీ సంఘమునకు పౌలు వ్రాసిన మాటను చూపి, బలవంతుడు బలహీనుని నోరు మూయించుట మన ఊళ్లలో జరుగుచున్నది. అదే చోట పౌలు, సహోదరులకే అన్యాయము చేయువారిని గద్దించినాడు. ఆ భాగమును చదువుట ఏలనో మరచిపోవుదుము. మడిచెక్క తిరిగి ఇయ్యవలసినవాడు ఇయ్యవలెను. ఇయ్యకపోయినను దెబ్బ తిన్నవాడు తన బిడ్డకు ఆ పగను ఆస్తిగా వ్రాసియియ్యకుండ ఉండవచ్చును. ఈ రెండును వేరు వేరు పనులు. రెండవది ఎవరి సంతకము లేకయే జరుగగలదు.

1950లో దక్షిణ ఇండియా సంఘము రూపొందించిన ప్రభురాత్రి భోజన క్రమములో, సిరియను సంఘముల వాడుకనుబట్టి, సమాధానమును చేతినుండి చేతికి అందించు పద్ధతి చేర్చబడెను. ఆ తరువాత ఎన్నో దేశముల సంఘములు దానిని తమ ఆరాధనలో చేర్చుకొనినవి. గురువు చేతులనుండి బయలుదేరిన సమాధానము వరుసవరుసగా చివరి చాపవరకు పోవలెను. పల్లె ఆలయములో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో అందరికి తెలియును. అన్నదమ్ములు రెండు మూలల కూర్చుందురు, నడుమ పిల్లలను కూర్చుండబెట్టుదురు. సమాధానము పిల్లల వరకు వచ్చి ఆగును. ఆగినచోటనుండి దానిని ముందుకు పంపవలసినది దెబ్బ కొట్టినవాడా, తిన్నవాడా అని చూచుచు కొన్ని ఊళ్లలో సంవత్సరములు గడచుచున్నవి.