ఐదు మీటలు

ఈక్వలైజర్ అంటే ఇప్పుడు ఫోన్‌లో 'బాస్ బూస్ట్', 'రాక్', 'పాప్' అని వరసగా కనిపించే బొత్తాలు. పేరు మాత్రం పాత సంగతి చెప్తుంది. టెలిఫోన్ తీగ పొడుగయ్యేకొద్దీ గొంతులోని పై పౌనఃపున్యాలు ఎక్కువగా అరిగిపోతాయి. అరిగినంత మేర మళ్ళీ ఎత్తి, అన్నిటినీ సమం చేసే సర్క్యూట్‌కి ఆ పేరు వచ్చింది. దాని మొదటి పని పాట కాదు, దూరంగా ఉన్న మనిషి మాట అర్థమయ్యేట్టు చేయడం. 1930లలో సినిమా శబ్దంలోకి, అక్కణ్ణుంచి స్టూడియోల్లోకి పోయింది.

జగిత్యాల, కోరుట్ల ఇళ్ళలోకి అది చాలావరకు దుబాయ్ మీదుగా వచ్చింది. గల్ఫ్ పోయినవాళ్ళు సెలవుకొచ్చేటప్పుడు తెచ్చే సామాన్లో సెంటు, దుప్పటి, టేప్‌రికార్డర్ ఉండేవి. పెద్ద సెట్లకి ముందువైపు పైకీ కిందికీ జరిపే ఐదు మీటలు. పాటలతో పాటు వాటిలో మోగినవి క్యాసెట్ ఉత్తరాలు. రాయడం రానివాళ్ళు, రాసినా తనివి తీరనివాళ్ళు మాట్లాడి పంపేవాళ్ళు. అప్పటి టెలిఫోన్ లైన్ దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. మగగొంతు అసలు శ్రుతి 100, 150 దగ్గర ఉంటుంది కాబట్టి ఫోన్‌లో అది రానే రాదు, మెదడే ఊహించుకుంటుంది. క్యాసెట్‌లో మాత్రం వస్తుంది. సుయ్‌మనే టేపు చప్పుడు తగ్గించాలని చివరి మీట కిందికి లాగితే 'స'లు, 'శ'లు మొద్దుబారతాయి, కానీ నాయిన గొంతు నాయిన గొంతులాగే ఉంటుంది. మనవాళ్ళకి బాస్ పిచ్చి అని ఎక్కిరించే రివ్యూలు చదివినప్పుడల్లా నాకు ఈ క్యాసెట్లే గుర్తొస్తాయి.

సిరిసిల్ల కథ వేరు. సాంచాలు నడిచే షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్ళు దాటడం మామూలే. ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన హద్దే 90. ఇలాంటి మోతలో ఏళ్ళు గడిపితే వినికిడి అన్ని చోట్లా ఒకేలా పోదు. ముందు 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడుతుంది. మాట వినబడుతుంది, హల్లులు జారిపోతాయి. ఆ చెవికి 'చెవిలో గుచ్చుతోంది' అని మనం తిట్టే ఇయర్‌ఫోన్ బాగుందనిపించవచ్చు. మరి ఎవరి చెవిని కొలతగా పెట్టుకుని మనం మార్కులు వేస్తున్నాం?

2010లలో హర్మాన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ ఎక్కువమందికి నచ్చే ధ్వని రేఖ ఒకటి గీశారు: గదిలో మంచి స్పీకర్లు వినిపించినట్టు, కింద కొంచెం నిండుగా. చాలామంది రివ్యూయర్లకి ఇప్పుడదే గీటురాయి. సగటు రేఖగా దానికి విలువుంది, నా అభ్యంతరం దాన్ని శాసనం చేయడం మీద. 2017లో జెరూన్ బ్రీబార్ట్ 283 హెడ్‌ఫోన్ల కొలతల్ని ధరలతో పోల్చి చూస్తే, రేఖకీ రేటుకీ సంబంధం కనబడలేదు. వెయ్యిలోపు కొనేవాళ్ళకి ఇది మంచి కబురే.

పరీక్షకి నేను కొత్త పాటలు పెట్టను. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సినారె సినిమాపాటలకి దారి తెరిచిన 'గులేబకావళి కథ' (1962) పెడతాను. అప్పటి రికార్డింగులో కింద పెద్ద డోలు ఉండదు, గొంతే ముందుంటుంది. ఘంటసాల గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే 200 హెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెళ్ళు దించి చూడండి. సుశీల 'స' అన్నచోట చెవి జిల్లుమంటే 6,000, 8,000 మధ్య దించాలి. ఎత్తడం కన్నా దించడం మేలు. ఎత్తితే చిన్న డ్రైవర్ చిట్లుతుంది. అంతకన్నా ముందు రబ్బరు టిప్పు చెవికి సరిగ్గా కూర్చుందా చూడాలి. సందు ఉంటే బాస్ అంతా అక్కణ్ణుంచే పోతుంది, ఏ ఈక్వలైజరూ తెచ్చివ్వలేదు.

షెడ్డులో వినేవాళ్ళకి టిప్పు ఇంకా ముఖ్యం. బయటి మోత ఆగకపోతే పాట మోతని దాటాలి, అంటే 90 మీద ఇంకో పది. వారానికి 40 గంటలు వింటే 80 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పూర్తిగా మూసుకోవడమూ కుదరదు, సాంచా నడక తేడా కొడితే చెవికే ముందు తెలియాలి. తీగున్న చవక ఇయర్‌ఫోన్ల డబ్బాల మీద డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లో పెద్దక్షరాల్లో ఉంటుంది. బయటి చప్పుడు ఎంత ఆపుతుందో రాసిన డబ్బా నాకింకా దొరకలేదు.